రాత్రి ఉంచుకోవడానికి లేదు

శ్రావణి బాపుకు,

మనం విడిపోయినప్పుడు కోర్టు నీకు ఆదివారాలు ఇచ్చింది. పగలు పిల్లను తిప్పుకోవచ్చు, రాత్రి ఉంచుకోవడానికి లేదు. ఏనాడైనా చీకటి పడకముందు దింపావా?

నువ్వు చనిపోయాక వకీలును అడిగాను. "మనిషే లేనంక ఆర్డర్ ఏడుంటదక్కా, ఖతం" అన్నాడు. శ్రావణి మాత్రం ప్రతి ఆదివారం జడ వేయించుకుని, పద్మనగర్‌లో మేం అద్దెకుండే వరుస గదుల చాల్ మెట్ల మీద కూర్చుంటోంది.

నిన్న కిటికీలోంచి చూశాను. ఎదురుగా ఎవరూ లేరు. దాని పెదాలు కదులుతున్నాయి, గొంతు లేదు. బట్ట నేసే సాంచాల మోతలో మాట వినబడక మనం కార్ఖానాలో అలాగే మాట్లాడుకునేవాళ్లం. దానికి నువ్వే నేర్పావు. ఆ పెదాలు చదవడం నాకూ వచ్చు.

"ఇయ్యాల రాత్రికి నీతాన్నే ఉంట బాపూ. అమ్మకు చెప్పకు."

భయం కంటే ముందు కోపం వచ్చింది. వెళ్లి దాని వెనక నిలబడి, ఖాళీ మెట్ల వైపు చూస్తూ, గొంతు లేకుండా పెదాలతోనే నీకు చెప్పాను: "పొద్దుగూకకముందే పిల్లను దింపి పో."

శ్రావణి వెనక్కి తిరగలేదు. నా పెదాలు చూడలేదు.

"బాపు సరే అంటుండమ్మా" అంది.