నీ ఆకుపచ్చ తువ్వాలు

అక్కా,

నువ్వు పోయి రేపటికి ఏడాది. నీకు నచ్చే కబురొకటి ఉంది. నువ్వు వినవని తెలిసినా చెప్పకుండా ఉండలేను.

నాకూ నీలాగే నెలనెలా రక్తం ఆగకుండా పోవడం మొదలైంది. ఖమ్మం వెళ్తే డాక్టరమ్మ తలెత్తకుండానే, "ఈ వయసులో మామూలేనమ్మా" అని బలానికి టానిక్ రాసింది. నీకూ అదే రాసేవారు కదా! నువ్వేమో ఖాళీ సీసాలు కడిగి వాటిలో నూనె పోసుకుని, "మందుకన్న సీసనే నయమే పోరీ" అని నవ్వేదానివి.

తగ్గక మళ్లీ వెళ్లాను. అలవాటుగా నీ ఆకుపచ్చ తువ్వాలు మడతపెట్టి, కుర్చీ మీద వేసుకుని కూర్చున్నాను. బస్సులోనైనా పెళ్లిలోనైనా అలాగే కూర్చోమని నేర్పింది నువ్వే. డాక్టరమ్మ చూసి, "అదెందుకు?" అంది.

"మీ కుర్చీ ఖరాబైతదని మేడమ్. మా అక్క గూడ గిట్లనే ఏసుకునేది. టానిక్ తాగుకుంటనే పోయింది. నాకు స్కానింగ్ రాయుండ్రి. రాసేదాంక లేవను" అన్నాను. అచ్చం నీ గొంతే అక్కా, నాకే భయమేసింది.

ఆమె పెన్ను పక్కన పెట్టి, "ఎన్నాళ్ల నుంచి?" అని మొదటిసారి అడిగింది. గర్భసంచిలో గడ్డ ఉందని తేలింది. ఆపరేషన్ చేసి తీసేశారు. ఇప్పుడు బాగున్నాను.

మొన్న సారపాక బస్సులో ఉత్త సీటు మీదే కూర్చున్నాను. కిటికీలోంచి వాన జల్లు కొట్టింది. సంచిలోంచి నీ తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాను.