తోక ఉన్న ఏడు

గౌరవనీయులైన రవాణా అధికారి గారి సముఖమునకు, బోర్డులు రాసుకుని బతికే పెయింటరు రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: 3714 నంబరు గల పాత కారునకు మొదటి నుంచీ ఉన్న చేతిరాత నంబరు ప్లేటును అట్లే ఉంచుకొనుటకు అనుమతి కోరుట గురించి, దానితోపాటు ఒక నేరము ఒప్పుకొనుట గురించి.

1. సదరు కారు మా అక్కది. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆవిడే. ముప్పై ఏళ్లపాటు ఆ కారులోనే ఊళ్లో సగం మందికి డ్రైవింగ్ నేర్పింది. తమరు కూడా అందులోనే నేర్చుకున్నారని విన్నాను. క్లచ్ వదలడం రాక తమరు కళ్లనీళ్లు పెట్టుకున్న సంగతి ఇక్కడ ప్రస్తావించబోను.

2. సదరు ప్లేటు రాసినది నేను, నా పదిహేనో ఏట. అదే నా మొదటి బోర్డు. ఏడు అంకె కింద రంగు జారి తోకలా సాగింది. అక్క చూసి, "ఏడుకి తోకేంట్రా వెధవా!" అని పడీపడీ నవ్వింది. చెరిపేస్తానంటే ఒప్పుకోలేదు. "ఉండనీరా, మన కారు ఎక్కడున్నా తెలుస్తుంది" అంది.

3. రెండేళ్లుగా అక్కకు మతిమరుపు జబ్బు. నన్నే "బాబూ, మీరెవరు?" అంటుంది. అయినా రోజూ మూడింటికి నీలం గొడుగు పట్టుకుని నడకకు వెళ్లి నాలుగున్నరకు తిరిగి వస్తుంది. ఎలాగంటే, వీధిలో ఆగి ఉన్న ప్రతి కారు ముందూ వంగి, నంబరు మీద వేలు పెట్టి తడుముతుంది. వేలికి ఆ తోక తగిలితే ఇల్లు వచ్చినట్టు. గొడుగు ముడిచి లోపలికి వచ్చేస్తుంది. తలుపుకు గడియ పెట్టి చూశాను. "లైసెన్సున్న దాన్ని, నన్నాపడానికి నువ్వెవడివిరా?" అని కిటికీ అద్దం పగలగొట్టింది. వెనకాలే నడిచి చూశాను. దొంగ దొంగ అని అరిచేసరికి నలుగురూ చేరి నన్ను కుమ్మేశారు.

4. పాత ప్లేట్లన్నీ ఈ నెలాఖరులోగా అప్పగించవలెననియు, వాటిని అక్కడికక్కడే కత్తిరించెదరనియు, మిషను మీద అచ్చొత్తిన కొత్త ప్లేటు లేని కారును ఎత్తుకుపోయెదరనియు నోటీసు అందినది. యాభై ఏళ్లు నిండిన కార్లకు మినహాయింపు కలదు. మా కారుకు నలభై తొమ్మిదేళ్ల నాలుగు నెలలు. తమ కౌంటరు గుమాస్తాగారిని కాళ్లావేళ్లా పడి అడిగాను. "ఎనిమిది నెలలాగి రండి, పాత ప్లేటే ఉంచుకోవచ్చు" అన్నారు. "అందాకా ప్లేటు ఎక్కడుంటుందండీ?" అంటే, "ఎక్కడుంటుంది? కత్తిరించేస్తాం కదా" అన్నారు.

5. అప్పుడు నాకు చేతనైన ఒకే ఒక్క పని చేశాను. తుప్పు రేకు ఒకటి సంపాదించి, అదే నలుపు, అదే తెలుపు, తోకతో సహా రెండో ప్లేటు రాసి, దాన్ని తమ కౌంటరులో అప్పగించాను. గుమాస్తాగారు "అబ్బో, ఎంత పాతదో!" అంటూ కత్తిరించి, మిషను ప్లేటు చేతిలో పెట్టారు. రసీదు జతపరచడమైనది. అసలు ప్లేటు నా దగ్గరే ఉంది. ఆ పూట నుంచీ తలుపు చప్పుడైతే చాలు, తమ వాళ్లేమోనని కిటికీలోంచి తొంగి చూస్తున్నాను. అరవై నాలుగేళ్లు ఎవరి జోలికీ పోకుండా బతికి, పళ్లు ఊడే వయసులో దొంగనయ్యాను.

6. మిషను ప్లేటు బిగించి చూడలేదని తమరు అనవచ్చు. సోమవారం బిగించాను. అక్క వచ్చి, తడిమి, "ఏడైతే ఉంది గానీ మనది కాదు" అని ముందుకు సాగిపోయింది. చీకటి పడే వేళకు బస్టాండులో దొరికింది, లారీ చక్రాల ముందు వంగి నంబరు తడుముతూ. మర్నాడు పాత ప్లేటు గోడకు తగిలించాను. "ఎవడో కారు కొట్టేసి నంబరు గోడకి వేలాడదీశాడు" అని తిన్నగా పోలీసు స్టేషనుకు బయల్దేరింది. అందుచేత అసలు ప్లేటు మళ్లీ కారుకే బిగించితిని. ఈ ఉదయం తమ ఇన్‌స్పెక్టరు పక్క వీధిలో ఉన్నారని తెలిసి, భయపడి, మిషను ప్లేటు పెట్టాను. మూడున్నరకు తప్పక మార్చేస్తాను.

కావున, ఎనిమిది నెలలు మా అక్కకు చేబదులుగా ఇప్పించవలెనని వేడుకొనుచున్నాను. శిక్ష నాకు వేయండి, ప్లేటు జోలికి వెళ్లకండి.

ఇదే నా భయము, ఇంతకు మించి దాచినది లేదు, చిత్తగించవలెను.

తమ విధేయుడు,
బోర్డుల పెయింటరు
(సంతకం వంకర పోయినది. బోర్డులు మాత్రం తిన్నగానే రాస్తాను.)

తా.క.: అయ్యా, కొంప మునిగింది. ఈ అర్జీ రాసే ధ్యాసలో పడి ప్లేటు మార్చడం మర్చిపోయాను. ఆవిడ కాదు, నేను మర్చిపోయాను. ఐదు దాటింది. అక్క రాలేదు. ఇప్పుడే పాత ప్లేటు బిగించాను, ఇన్‌స్పెక్టరు చూస్తే చూడనీ. ఈ కాగితం పక్కింటి టైలరు చేతికిచ్చి వెతకడానికి పరిగెడుతున్నాను. తమ వాళ్లలో ఎవరికైనా నీలం గొడుగుతో కార్ల ముందు వంగే పెద్దావిడ కనబడితే గదమాయించవద్దని చెప్పండి. "తోకున్న ఏడు ఇటే ఉంది, రండి టీచరమ్మా" అనమనండి. వెంట వచ్చేస్తుంది.