ఇక్కడ మెయిన్ సింగర్ నవ్వుతారు

వెంగళరావు నగర్,
జూన్ 3

గౌరవనీయులు పట్టాభిరామయ్య గారికి ఉదయశ్రీ నమస్కరించి రాస్తున్నది.

మీరు ఫోన్ ఎత్తరని, ఎత్తినా గొంతు అరిగిపోతుందంటూ పెట్టేస్తారని, ఉత్తరానికి మాత్రం తిరుగు టపాలో జవాబిస్తారని మా గాత్రం మాస్టారు చెప్పారు. అందుకే జీవితంలో మొదటిసారి పోస్టాఫీసుకు వెళ్లి కవరు కొన్నాను.

నేనూ, నా క్లాస్‌మేట్ క్రాంతికుమారూ సంగీతంలో డిప్లొమా చేస్తున్నాం. ఇద్దరం కలిసి 'మొదటి గొంతు' అనే పాడ్‌కాస్ట్ మొదలుపెడుతున్నాం. రేడియో కార్యక్రమం లాంటిదే, కాకపోతే ఎవరికి వీలైనప్పుడు వాళ్లు ఫోన్‌లో వింటారు. జనం ఇంతవరకూ వినని కళాకారుల్ని పిలిచి, ఒక పాట పాడించి, నాలుగు మాటలు మాట్లాడిస్తాం. మొదటి అతిథిగా మిమ్మల్ని పిలుద్దామన్నాడు క్రాంతి. అరవై తొమ్మిదేళ్లాయన కొత్త కళాకారుడెలా అవుతాడని నేనడిగాను. "వయసుతోని ఏం పని? ఆయన గొంతు జనం విన్నరా, లేదా? గది చెప్పు," అన్నాడు. నిజమే అనిపించింది. పాట మా క్లాసులోనే చదివే రష్మి రాసి వరుస కట్టింది. పదిహేనో తేదీ ఆదివారం ఉదయం పదికి రాగలరా?

విధేయురాలు,
ఉదయశ్రీ

తా.క. మా స్టూడియో గురించి దిగులు వద్దు. చప్పుడు రాకుండా నాలుగు గోడలకూ రజాయిలు కట్టాం. అవి ఇంటి ఓనరామెవి. మధ్యాహ్నం ఆమె కునుకు తీసే వేళకి తిరిగిచ్చేయాలి.

*

ఫిల్మ్ నగర్,
జూన్ 6

చిరంజీవి ఉదయశ్రీకి పట్టాభిరామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. సంతోషం. ట్రాక్ పాడటమంటే ఏమిటో నీకు తెలిసే ఉంటుంది. వరుస కట్టగానే నన్ను పిలుస్తారు. నేను ముందు పాడి పెడతాను. పెద్ద గాయకులు తీరిగ్గా వచ్చి, నా పాట చెవుల్లో పెట్టుకొని నేర్చుకుని, ఫైనల్ పాడి వెళతారు. ఆ తర్వాత నన్ను చెరిపేస్తారు. ఇప్పటికి పన్నెండు వందల ముప్ఫై పాటల్లోంచి చెరిగిపోయాను.

నాకు బాధేమీ లేదు. బాధంతా మా ఆవిడ లీలాకుమారిది. టీవీలో పాట వచ్చినప్పుడల్లా పక్కింటి శ్యామలాదేవి గారితో "ఇది ముందు మా వారే పాడారండీ" అంటుంది. ఆవిడ "అలాగా" అని వెళ్లి వంటింట్లో నవ్వుకుంటారు. మధ్య గోడ పలచన, మాకు వినబడుతుంది. నా గొంతు నా పేరుతో ఒక్కసారి శ్యామలాదేవి గారి చెవిన పడాలని మా ఆవిడ కోరిక. ఆవిడ కోరికే అని రాశాను గాని, నాది మాత్రం కాదా?

తప్పకుండా వస్తాను. ఇంతకీ ఫైనల్ ఎవరు పాడుతున్నారో రాయనేలేదు. ఆయన శ్రుతి తెలిస్తే ఆ శ్రుతిలోనే పాడి పెడతాను.

ఆశీస్సులతో,
పట్టాభిరామయ్య

తా.క. హీరో ఎవరో కూడా తెలియజేయి. కొందరు హీరోలకి ముక్కుతో పాడాలి.

*

వెంగళరావు నగర్,
జూన్ 9

పట్టాభిరామయ్య గారికి నమస్కారాలు.

ఫైనల్ ఎవరూ పాడరండీ. మీరు పాడిందే ఉంటుంది. మీ గొంతు, మీ పేరు. హీరో కూడా లేడు, ఎందుకంటే బొమ్మే లేదు. మీ ఉత్తరం చదివి రష్మి ఏడ్చింది. శ్యామలాదేవి గారి ఫోన్ నంబరు పంపితే మొదటి లింకు ఆవిడకే పంపుతామని క్రాంతి అంటున్నాడు.

విధేయురాలు,
ఉదయశ్రీ

తా.క. క్రాంతి ముక్కుతో పాడి చూశాడు. ఓనరామె పైనుంచి దిగి వచ్చి పిల్లాడికి జ్వరమా అని అడిగింది.

*

ఫిల్మ్ నగర్,
జూన్ 12

చిరంజీవి ఉదయశ్రీకి ఆశీస్సులు.

అర్థమైంది తల్లీ. ఫైనల్ పాడేవారి పేరు బయటపెట్టకూడదు, అంతేగా. ఇక్కడ అందరూ అలాగే చెబుతారు. ఇరవయ్యేళ్ల కిందట ఒక సంగీత దర్శకుడు నా చెయ్యి పట్టుకుని, "ఈ పాట మీదే, మీ గొంతే ఉంటుంది" అన్నాడు. లీలాకుమారి వీధంతా లడ్డూలు పంచింది. పాట విడుదలయ్యాక చూస్తే అందులో ముగ్గురు పాడారు, ముగ్గురిలోనూ నేను లేను. అప్పటినుంచి నా గొంతే ఉంటుందని ఎవరైనా అంటే వచ్చేవారు చాలా పెద్దవారని లెక్కేసుకుంటాను.

రహస్యం నా దగ్గర భద్రం. ఆదివారం పదికి అక్కడుంటాను.

ఆశీస్సులతో,
పట్టాభిరామయ్య

తా.క. నంబరు పంపడం లేదు. ఇంకోసారి లడ్డూలు పంచే ఓపిక మా ఆవిడకి లేదు.

*

వెంగళరావు నగర్,
జూన్ 16

పట్టాభిరామయ్య గారికి నమస్కారాలు.

మీరు నిన్న పాడుతుంటే రష్మి గోడవైపు తిరిగి రజాయితో కళ్లు తుడుచుకుంది. అంత బాగా పాడారు. కానీ మాస్టారూ, మొదటి చరణం మధ్యలో ఆపి "ఇక్కడ మెయిన్ సింగర్ నవ్వుతారు" అన్నారు. రెండో చరణంలో "ఇక్కడ ఆయన గొంతు కాస్త వణికిస్తారు" అన్నారు. అది కూడా శ్రుతిలోనే అన్నారు గనక క్రాంతికి కత్తిరించడం కుదరడం లేదట.

పాట సరే. ఇంటర్వ్యూ సంగతేమిటండీ? మీ గురించి చెప్పమంటే, "ఇక్కడ బాల్యం, రెండు నిమిషాలు" అన్నారు. మరిచిపోలేని సంఘటన అడిగితే, "ఇక్కడ కన్నీళ్లు, మూడు సెకన్లు" అని వేళ్లతో లెక్కపెట్టి, నాలుగో సెకనులో మంచినీళ్లు అడిగారు. "సార్‌కి ఇంకా సమజ్ కాలే. ఇంకోసారి కూసొని జర మంచిగ చెప్పు," అని క్రాంతి నన్ను పోరుతున్నాడు. దయచేసి ఈ ఆదివారం మళ్లీ రండి. నవ్వాల్సింది మీరే, వణికించాల్సింది మీరే.

విధేయురాలు,
ఉదయశ్రీ

తా.క. మీ బాల్యం నిజంగానే రెండు నిమిషాల్లో అయిపోతుందా?

*

ఫిల్మ్ నగర్,
జూన్ 19

చిరంజీవి ఉదయశ్రీకి ఆశీస్సులు.

నీ ఇబ్బంది కనిపెట్టాను. మీకు ఫైనల్ సింగర్ దొరకలేదు. దొరకలేదని చెప్పుకోలేక నన్నే నవ్వమంటున్నారు. చిన్నపిల్లలు, ఈ ఊళ్లో పెద్దవాళ్ల గేటు దాటడం ఎంత కష్టమో నాకు తెలియదా. ఇక దిగులు మానేయండి, అన్నీ నేను కుదిర్చాను.

జూబ్లీహిల్స్‌లో ఉండే గాయకులు కమలాకర్ గారికి ఇరవై రెండేళ్లుగా నేనే ట్రాక్ పాడుతున్నాను. ఆయన ఆదివారం వచ్చి ఫైనల్ పాడతారు. నా జవాబులు కూడా ఆయనే చెబుతారు. నా బాల్యం వివరాలు కాగితం మీద రాసిచ్చాను.

నీ ప్రశ్నలు బాగున్నాయి గాని, గొంతులో పరీక్ష రాసే పిల్ల భయముంది. కౌసల్య అని ఎందరో హీరోయిన్లకి డబ్బింగ్ చెప్పిన అమ్మాయి, నీ బదులు తను అడుగుతుంది. నేను ఆదివారం రాను. ఫైనల్ జరిగేచోట ట్రాక్ వాళ్లు ఉండకూడదు, మర్యాద కాదు.

ఆశీస్సులతో,
పట్టాభిరామయ్య

తా.క. రెండో నిమిషంలో ఎవరో దగ్గారు, క్రాంతికుమారే అనుకుంటాను. దగ్గు పలచగా ఉంది. విలన్లకి దగ్గే మనిషి ఒకాయన యూసుఫ్‌గూడలో ఉన్నాడు, చెప్పి పంపనా?

*

వెంగళరావు నగర్,
జూన్ 23

పట్టాభిరామయ్య గారికి నమస్కారాలు.

నిన్న కమలాకర్ గారి కారు మా సందులో ఇరుక్కుంది. ఆయన దిగి నడిచొచ్చారు. కౌసల్య గారు అప్పటికే నా కుర్చీలో కూర్చుని నా పేరు నాకంటే ముద్దుగా పలుకుతున్నారు. మీ పాట మీ పేరుతో బయటికి రావడం ఇక కల్ల అనుకుని నేను వంటగదిలోకి వెళ్లి ఏడ్చాను.

కమలాకర్ గారు హెడ్‌ఫోన్లు చెవులకి పెట్టుకుని మీ ట్రాక్ విన్నారు. "ఇక్కడ మెయిన్ సింగర్ నవ్వుతారు" అని మీరన్నచోట నిజంగానే నవ్వారు. వణికించమన్నచోట పాట ఆపమన్నారు. మళ్లీ పెట్టమన్నారు. మూడుసార్లు విని లేచారు. "దీన్ని చెరిపితే పాపం తగులుతుందమ్మా. ఇన్నేళ్లూ ఎంత చెరిపానో ఇవాళ తెలిసింది," అని పాడకుండానే వెళ్లిపోయారు.

ఆయన మనసు మార్చుకుంటారేమోనని క్రాంతి అప్పటికప్పుడు ఎపిసోడ్ పెట్టేశాడు. ఒక్క ముక్క కత్తిరించలేదు. మీ నవ్వు, మీ కన్నీళ్లు, మీ మంచినీళ్లు అన్నీ ఉన్నాయి. మొదట్లోనే "పాడినవారు పట్టాభిరామయ్య" అని నా సొంత గొంతుతో చెప్పాను. ఈ ఉత్తరం రాసేసరికి పద్నాలుగు వేలమంది విన్నారు. మా కాలేజీలో ఎవరికి బాధ కలిగినా "ఇక్కడ కన్నీళ్లు" అంటున్నారు. మీ వీధిలో ఒక సినిమా ఆఫీసు వాళ్లు మీకు తొమ్మిదిసార్లు ఫోన్ చేసి, విసిగి నాకు చేశారు. వాళ్ల సినిమాలో మీరొక పాట పాడాలట. ట్రాక్ కాదు, ఫైనల్. తెరమీద పేరు వేస్తామని రాసి కూడా ఇచ్చారు, ఆ కాగితం ఇందులో పెడుతున్నాను. శుక్రవారం ఉదయం వెళ్లండి.

విధేయురాలు,
ఉదయశ్రీ

తా.క. దగ్గు మనిషి కూడా వచ్చాడు. మీరు చెప్పి పంపారేమోనని దగ్గించుకుని పంపాం.

*

ఫిల్మ్ నగర్,
జూన్ 28

చిరంజీవి ఉదయశ్రీకి పట్టాభిరామయ్య ఆశీస్సులు.

ఏం రాయాలో తెలియడం లేదమ్మా. లీలాకుమారి ఫోన్‌ని పలచని గోడకి ఆనించి, నా పాటని శ్యామలాదేవి గారికి ఆరుసార్లు వినిపించింది. ఆవిడ వచ్చి, ఇన్నాళ్లూ నవ్వానండీ, తప్పయిపోయింది అన్నారు. మా ఆవిడ "అలాగా" అని వంటింట్లోకి వెళ్లి, నవ్వబోయి ఏడ్చేసింది. నేను మాత్రం మూడు సెకన్లలో తేరుకోలేదు.

శుక్రవారం ఆ ఆఫీసుకి వెళ్లాను. కుర్చీ వేశారు, టీ ఇచ్చారు, మైకు ముందు నిలబెట్టి పాడమన్నారు. ట్రాక్ ఏదని అడిగాను. లేదు, హార్మోనియం మీద వరుస వినిపిస్తాం, పాడేయండి అన్నారు. నాకు చాలా చిన్నతనం అనిపించింది. తెరమీద పేరు వేసే గాయకుణ్ణి పట్టుకుని ట్రాక్ లేకుండా పాడమంటారా? కమలాకర్ గారిని ఎవరైనా అలా అడిగారా? నమస్కారం పెట్టి వచ్చేశాను.

సాయంత్రానికి కారు పంపారు. మీకు ట్రాక్ ఎవరు పాడాలో మీరే చెప్పండి అన్నారు. నీ పేరు చెప్పాను. వచ్చే గురువారం ఉదయం పదింటికి వచ్చి పాడి పెట్టు. నేను తీరిక చూసుకుని వస్తాను.

ఆశీస్సులతో,
పట్టాభిరామయ్య

తా.క. మరీ బాగా పాడకు తల్లీ. చెరపడానికి నాకు చేతులు రావాలి కదా.