సూది తర్వాత అరగంట

మార్చి 12, బుధవారం

గౌరవనీయులైన నర్సు గారికి,

మీ పేషంటు భార్య నమస్కారాలు పెట్టి రాస్తున్న ఉత్తరం. ఉత్తరమన్నాక నమస్కారం పెట్టాలి కాబట్టి పెట్టాను, మనస్ఫూర్తిగా మాత్రం కాదు. మీరు క్షేమమని నాకు తెలుసు. మీకు జలుబు చేసినా, మీ చెప్పు తెగినా మా ఇంట్లో వార్తే. మా క్షేమ సమాచారాలు మా ఆయన నాకంటే ముందే మీకు చెప్పి ఉంటాడు.

నేను మీకు గుర్తుండకపోవచ్చు. ఇస్త్రీ కొట్టు నాది. ఆయన బేకరీలో రాత్రంతా పిండి పిసికే మనిషి. నిద్ర ఆపుకోవడానికి మొదట బిళ్ళలు మింగాడు, తర్వాత ఆ పాడు మత్తు పొడి పట్టుకున్నాడు. అది ఎక్కితే రోజుల తరబడి కన్ను మూసేవాడు కాదు. ఒకసారి శుభ్రం చేస్తానని నా ఇస్త్రీపెట్టె ఊడదీసి కూర్చున్నాడు. మళ్ళీ బిగించాక గుప్పెడు మరలు మిగిలిపోయాయి. అప్పుడు నవ్వాను. పొయ్యి దగ్గర కళ్ళు తిరిగి పడి చెయ్యి కాల్చుకున్న రోజు మాత్రం ఇక ఈ మనిషి నాకు దక్కడనుకున్నాను.

మీ ఆసుపత్రిలో కొత్తగా మందు ట్రయల్ పెట్టారంటే నేనే లాక్కొచ్చాను. లేనిపోని గొంతులు వినిపించేవాళ్ళకిచ్చే మందు మా ఆయనకెందుకు, ఆయనకేం పిచ్చి లేదే అని నేను గొడవపడితే మీరే ఓపిగ్గా చెప్పారు. ఒక్క సూది వేస్తే నెలంతా ఒంట్లో మెల్లగా పనిచేస్తుందనీ, పొడి మీద యావను అది తగ్గిస్తుందో లేదో తేల్చడానికే ఈ పరీక్ష అనీ, సగం మందికి మందు, సగం మందికి మందు లేని ఉత్త సూది వేస్తారనీ, ఎవరికేది పడుతుందో మీకూ తెలియదనీ చెప్పారు. అసలు మందు పాలలా తెల్లగా ఉంటుంది కాబట్టి రంగు కనబడకుండా సిరంజికి కాగితం చుట్టి ఇస్తారని కూడా అన్నారు. ఆ రోజు మీరు నాకు నచ్చారు. ఆ ముచ్చట ఎన్నాళ్ళో నిలవలేదు.

రెండో సూదికల్లా ఆయన నిద్రపోవడం, కడుపునిండా తినడం మొదలెట్టాడు. సంతోషించాలి కదా? సంతోషించాను కూడా, ఒక పూట. ఆ తర్వాత మొదలైంది ఇంట్లో మీ పారాయణం. నీళ్ళు బాగా తాగాలని నర్సు గారు చెప్పారు. సాయంత్రం కాస్త నడవాలని నర్సు గారు చెప్పారు. ఓరి దేవుడా, పెళ్ళయినప్పటి నుంచీ నేను నెత్తీనోరూ కొట్టుకుంటున్నవే కదా ఇవన్నీ! నేను చెబితే సణుగుడు, మీరు చెబితే వైద్యం.

పైగా సూది రోజున ముస్తాబొకటి. గడ్డం గీసుకుని, నీలం చొక్కా తెచ్చి నా ముందు పెట్టి, కాలర్ మీద ఇంకోసారి లాగవే అంటాడు. ఊరందరి బట్టలూ ఇస్త్రీ చేసి బతికేదాన్ని, కట్టుకున్నవాడి చొక్కా ఇంకో ఆడమనిషి కోసం ఇస్త్రీ చెయ్యాల్సిన గతి పట్టింది. ఒళ్ళు మండి ఒకసారి కావాలనే పెట్టె కాలర్ మీద కాసేపు అలాగే ఉంచేశాను. గోధుమరంగు మచ్చ పడింది. ఆయన కాలర్ లోపలికి మడుచుకుని అదే తొడుక్కుని మీ దగ్గరికొచ్చాడు. అరిచినా బాగుండేది.

ఆ మరుసటి నెల ఆయన వెనకే నేనూ వచ్చాను. మీ గది తలుపుకి చిన్న అద్దం ఉంది చూడండి, దాని పక్కన బెంచీ మీద కూర్చున్నాను. సూది వెయ్యడం రెప్పపాటులో అయిపోయింది. తర్వాత అరగంట కనిపెట్టుకుని ఉండాలట కదా. మీరు ఎదురుగా కుర్చీ లాక్కుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. తలుపు సరిగ్గా పడలేదు, అన్నీ వినబడ్డాయి. మధ్యలో రెండుసార్లు మళ్ళీ పొడి ముట్టుకున్నానని మీతో చెబుతున్నాడు! అసలు ముట్టనే లేదని నాకు ఒట్టేసి చెప్పిన మనిషి. మీరు కనుబొమ్మ కూడా కదల్చలేదు. ఆ తర్వాత ఏమైంది అని మాత్రం అడిగారు. ఆయన చెప్పుకుంటూ పోయాడు, ఏడ్చాడు, చివర్లో ఏదో అని నవ్వాడు కూడా. ఆ నవ్వు నేను చూసి ఎన్నేళ్ళయిందో! పొడి ముట్టుకున్నందుకు కాదు నర్సు గారూ నా కడుపు మండింది. మీకు చెప్పినందుకు.

ఇంటికొచ్చాక నిలదీశాను. నాకెందుకు చెప్పలేదంటే, నీకు చెబితే తర్వాత నీ మొహం చూడలేనే, ఆవిడకైతే చెప్పేసి లేచి రావచ్చు అన్నాడు. నా మొహానికేమొచ్చిందట?

అప్పట్నుంచీ ఒకటే మాట పట్టుకున్నాను. ఆయన్ని బాగుచేస్తున్నది మందు, ఆవిడ కాదు. ఆ కాగితం వెనక ఉన్నది పాలలాంటి మందే, అది ఎవరు పొడిచినా పనిచేస్తుంది. కొట్టుకొచ్చిన వాళ్ళందరికీ ఇదే చెప్పాను, ఎవరూ అడక్కపోయినా.

ఇప్పుడు ట్రయల్ అయిపోయింది. పొడి మానేశాడు, పగటి షిఫ్టుకి మారాడు. అయినా సూది రోజు దగ్గరపడేసరికి కాలు నిలవడం లేదు. సూది లేకపోతేనేం, నర్సు గారిని ఒకసారి పలకరించి వస్తానంటాడు. ఇవాళ డాక్టరు గారు రమ్మన్నారని బయల్దేరాడు. డాక్టరు పిలిచారో, మీరు పిలిచారో ఎవరికి తెలుసు? నీలం చొక్కా నేను దాచేశాను. ఇల్లంతా వెతికి, చివరికి పాతదేదో తగిలించుకుని వెళ్ళాడు.

అందుకే ఈ ఉత్తరం. ఇకమీదట వస్తే రానివ్వకండి. ఫోన్ చేస్తే పనిలో ఉన్నానని చెప్పండి. మందు దాని పని చేసింది, మీరు మీ పని చేశారు. ఇక నా మొగుణ్ణి నాకు వదిలెయ్యండి. ఇంతకంటే మర్యాదగా అడగడం నాకు చేతకాదు.

ఇట్లు,
ఆ నీలం చొక్కాకి ఇస్త్రీ చేసే మనిషి

తా.క.: కవరు అంటించబోతుంటే ఆయన వచ్చాడు. ఎవరికేది వేశారో డాక్టరు గారు ఇవాళ చెప్పారట. ఆయనకి పడినవన్నీ ఉత్త సూదులేనట. ఒక్క చుక్క మందు కూడా లేదట. చెప్పి గుమ్మంలోనే నిలబడిపోయాడు. అయితే ఇన్నాళ్ళూ నన్ను పొడి ముట్టకుండా ఆపింది ఏ మందూ కాదన్నమాటే అన్నాడు. పొడి అమ్మేవాడి నంబరు ఇంకా నాకు నోటికే ఉందే, భయంగా ఉంది అన్నాడు. నాతో అన్నాడు, నాతోనే. నేను మీలాగే కుర్చీ లాక్కుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఆ తర్వాత ఏమైంది అన్నాను. కాసేపు చెప్పాడు. అంతలో నాకు ఏడుపొచ్చింది. ఆయన ఆగిపోయాడు.

మందైతే నాకు ఈ కుళ్ళు పోయేది. మందు కాదట, అంటే ఆయన్ని బాగుచేసింది మీరే. ఇప్పుడు మునుపటికంటే ఎక్కువ కుళ్ళుగా ఉంది, దాచను. అయినా పైన రాసిందంతా కొట్టేసుకోండి. రేపు ఆయన్ని తీసుకొస్తున్నాను, ఆ అరగంట ఇవ్వండి. నాకూ ఒక కుర్చీ వెయ్యండి. ఏం విన్నా మొహం మీలా కదలకుండా ఎలా పెట్టుకోవాలో చూసి నేర్చుకుంటాను. దాచిన నీలం చొక్కా బయటికి తీశాను. మచ్చ పడిన కాలర్ తిప్పి కుట్టాను, ఇస్త్రీ కూడా చేశాను.