సగటు మనిషికో సైకిలు

పైదారి తనిఖీదారు గారికి,

కొనుగోళ్ల అధికారి తెలియజేయునది:

ముందుగా విధానం గురించి. ఏ వస్తువునైనా కొనడానికి ముందు అది అవసరమని తేలాలి. అవసరమని తేలడానికి ముందు అది లేదని తేలాలి. లేదని తేలడానికి ముందు ఎవరో ఒకరు వెళ్లి వెతికి, దొరకలేదని సంతకం పెట్టాలి. ఈ క్రమంలో ఒక్క మెట్టు తప్పినా వస్తువు వస్తుంది గానీ, కార్యాలయం దృష్టిలో అది రానట్టే లెక్క. తమ పాత సైకిలు వెనక భాగం విరిగి, తమరు ముందు భాగాన్ని భుజాన వేసుకుని కొండ దిగిన నాటి నుంచి నేటిదాకా జరిగిన జాప్యానికి కారణం ఇదే తప్ప ఎవరి నిర్లక్ష్యమూ కాదు.

ఇప్పుడు విషయం. మన కొండదారుల నిర్వహణ కార్యాలయంలోని తనిఖీదారులు ఇద్దరికీ, అంటే పైదారి చూసే తమకూ, కిందిదారి చూసే, పొడుగు చూసి అందరూ నిచ్చెన అని పిలుచుకునే పెద్దమనిషికీ, ముందూ వెనకా కుదుపులు మింగే షాక్‌లున్న కొండ సైకిళ్లు మంజూరయ్యాయి. స్మాల్, మీడియం, లార్జ్ అని మూడు సైజులున్నాయి, ఏది పంపమంటారని దుకాణంవారు అడిగారు. ఒకే కార్యాలయం ఇద్దరికి రెండు సైజులు కొంటే పక్షపాతమన్న మాట వస్తుంది. కనుక ఇద్దరి ఎత్తులూ కలిపి, సగం చేసి, ఆ సగటు ఎత్తుకు తగిన సైజు తెప్పించాము. అది మీడియం. అంత ఎత్తు గల మనిషి మన కార్యాలయంలో ఎవరూ లేరు కాబట్టి ఎవరికీ అన్యాయం జరగలేదని భావిస్తున్నాము.

సైకిలు అందినట్టూ, సరిపోయినట్టూ బదులు రాయవలెను.

ఇట్లు,
తమ అంగీకారాన్ని ముందే నమోదు చేసుకున్న
కొనుగోళ్ల అధికారి

తా.క. చిట్టీ, ఆఫీసు ఉత్తరాల్లో నన్ను "మామయ్యా" అని రాయకు. మేనకోడలని మేలు చేశాడన్న మాట నాకు పడకూడదు. ఆ సైకిలు నీకు సరిపోకపోతే నాకు ఇంకా మంచి పేరు.

◆

గౌరవనీయులైన కొనుగోళ్ల అధికారి గారికి,

నమస్కారాలు. సైకిలు అందింది. సరిపోవడం గురించి మనవి చేసుకుంటున్నాను.

సైకిలు మంచిదే. గుంటలో పడ్డా నడుముకు తెలియదంటున్నారు. సీటు అడుగంటా దించినా దాని మీద కూర్చుంటే నా కాళ్లు నేలకు అందడం లేదు. సీటు వదిలి, బార్‌కు అటో కాలు ఇటో కాలు వేసి నిలబడితే, పక్కింటి గోడ మీంచి తొంగిచూసేదానిలా మునివేళ్ల మీద ఉండాల్సి వస్తోంది. హ్యాండిల్ పట్టుకోవడమంటే అల్మారా మీద డబ్బా కోసం చేతులు చాపడమే. దిగుడులో కాస్త వెనక్కి జరిగితే వెనక టైరు నన్ను ఒరుసుకుంటోంది. ఎక్కడో ఆఫీసు ఉత్తరంలో రాయలేను.

అన్నిటికన్నా ముఖ్యమైనది దిగడం. పక్కన రాయి ఉంటే దాని మీద కాలు పెట్టి దిగగలుగుతున్నాను. రాయి లేకపోతే ముందుకు పోతూనే ఉండాలి. కాబట్టి ప్రస్తుతం రాయి ఉన్న చోట్ల మాత్రమే ఆగి దారి తనిఖీ చేస్తున్నాను. దారిలో పడ్డ రాళ్లు తీసేయడమే నా ఉద్యోగం. తీసేశాక మళ్లీ సైకిలు ఎక్కలేకపోతున్నాను.

దయచేసి స్మాల్ సైజు ఇప్పించండి. వానలు తగ్గాక పైదారి పూర్తిగా తెరుస్తారు. అప్పటికి నేను సైకిలు మీద కుదురుగా తిరగలేకపోతే, నన్ను ఫైళ్ల గదిలో కూర్చోబెట్టి పైదారి కూడా నిచ్చెన గారికే ఇస్తారని అనుకుంటున్నారు. ఫైళ్ల గదికి కిటికీ లేదు. పైదారి మొత్తం కిటికీయే.

ఇట్లు,
మునివేళ్ల మీద నిలబడి
పైదారి తనిఖీదారు

తా.క. ఉత్తరమంతటా ఎక్కడా మామయ్యా అని రాయలేదు, గమనించారా మామయ్యా?

◆

పైదారి తనిఖీదారు గారికి,

తమ ఉత్తరాన్ని జాగ్రత్తగా చదివి, తమ సమస్య రాళ్ల కొరత అని గ్రహించాము. ఒక లారీ రాళ్లు పంపుతున్నాము. తమకు దిగాలనిపించే చోట్ల పేర్పించుకోగలరు. వాటిని తొలగించే బాధ్యత తమ ఉద్యోగంలో భాగం కనుక, పేర్చిన రాళ్లను పొరపాటున తొలగించకుండా చూసుకునే బాధ్యత కూడా తమదే.

స్మాల్ సైజు విషయం. తమ కాళ్లు పొట్టివని తమరే చెబితే అది ఫిర్యాదు అవుతుంది. వేరొకరు చెబితే ధ్రువీకరణ అవుతుంది. ఈ అధికారి స్వయంగా టేపు పట్టుకోవడానికి బంధుత్వం అడ్డు. కొలతల్లో ఆరితేరినవాడూ, తమ కుటుంబాన్ని చిన్నప్పటి నుంచీ ఎరిగినవాడూ అయిన దర్జీ గారి చేత నడుము కింది నుంచి మడమ దాకా కొలత రాయించుకుని పంపవలెను.

ఇట్లు,
కొరతలు తీర్చుటయే ధ్యేయంగా గల
కొనుగోళ్ల అధికారి

తా.క. మీ అత్తయ్యకు నీ ఉత్తరం చదివి వినిపించాను. "ఆ పిల్లకి చిన్న సైకిలు కొనిస్తే సరిపోతుంది కదండీ" అంది. పాపం, విధానం తెలియని మనిషి.

◆

గౌరవనీయులైన అధికారి గారికి,

నమస్కారాలు. రాళ్లు వచ్చాయి. లారీ అతను వాటిని పైదారి మొదట్లోనే గుమ్మరించి వెళ్లిపోయాడు. దారి మూసుకుపోయిందని రిపోర్టు రాశాను. అలాంటి రిపోర్టులు అందుకోవలసింది నేనే కాబట్టి అందుకుని, వెంటనే చర్య తీసుకోమని నన్ను ఆదేశించుకున్నాను. ఇంకా ఎత్తుతూనే ఉన్నాను.

దర్జీ గారి దగ్గరికి వెళ్లాను. టేపు పెట్టి కొలిచి, కొలత కంటే రెండు వేళ్లు ఎక్కువ రాశాడు.

"అదేంటి బాబాయ్, ఎక్కువ రాశావు?" అన్నాను.

"పెరిగే పిల్లవి కదమ్మా, ఎప్పుడూ అలాగే వదులుతాను" అన్నాడు.

"నాకు ముప్పై నాలుగేళ్లు బాబాయ్."

"మీ అమ్మ కూడా ఇలాగే తొందరపడేది. తర్వాత పొడుగు చాల్లేదని వచ్చి ఏడ్చేది."

ఎంత చెప్పినా దిద్దలేదు. తన చేతి మీదుగా పొట్టి కొలత బయటికి వెళ్తే దుకాణం పేరు పోతుందట. ఆ కాగితం ప్రకారం నాకు మీడియం సరిగ్గా సరిపోతుంది. అందుకే దాన్ని దీనితో జతచేయడం లేదు.

ఇంకొక మాట. వెనక షాక్ నేను కూర్చుంటే అణగడం లేదు. సైకిలు మెకానిక్‌కి చూపించాను. "ఇందులో గాలి బరువైన మనిషికని కొట్టారమ్మా. మీరు కూర్చున్న సంగతి దీనికి తెలియడం లేదు. కొంచెం గాలి తీసేస్తే మెత్తబడుతుంది" అన్నాడు. తీయమంటారా?

నిచ్చెన గారు పైదారి కోసం అర్జీ పెట్టుకున్నారని విన్నాను. ఆయన సైకిలు నడపగలడని తమరు ఒక్క ముక్క రాస్తే చాలట, నేను ఫైళ్ల గదికి. మామయ్యా, నాకు రాళ్లు వద్దు. చిన్న సైకిలు కావాలి.

ఇట్లు,
రాళ్ల మధ్య నుంచి
పైదారి తనిఖీదారు

తా.క. అత్తయ్యకు నా నమస్కారాలు. కొనుగోళ్ల అధికారి ఉద్యోగం ఆవిడకు ఇప్పించే విధానం ఏదైనా ఉందా?

◆

పైదారి తనిఖీదారు గారికి,

గాలి విషయంలో తమరు తొందరపడవద్దని హెచ్చరిస్తున్నాము. సైకిలుతోపాటు దాని షాక్‌లో ఉన్న గాలి కూడా కార్యాలయం స్వాధీనంలోకి వచ్చింది. దాన్ని బయటికి వదలాలంటే, అది పనికిరానిదని ముగ్గురు సభ్యుల సంఘం పరిశీలించి తేల్చాలి. పరిశీలించడానికి బయటికి తీయాలి. తీయడానికి సంఘం అనుమతి కావాలి. ఈ చిక్కు మీద పెద్దల సలహా కోరాము.

ఈలోగా గాలికి తగ్గ బరువు తమరే సమకూర్చుకొనవలెను. తమ వద్ద ఒక లారీ రాళ్లు ఉన్నవి. వీపు సంచిలో తగినన్ని వేసుకుని సవారీ చేసినచో సమస్య తీరగలదు. సంచిలోని రాళ్లు దారిలో పడ్డ రాళ్లతో కలవకుండా గుర్తు పెట్టుకొనవలెను.

తమరు అడిగిన చివరి విషయం ఈ కార్యాలయానికి సంబంధించినది కాదు. అయినా అడిగాము. ఆవిడకు తీరిక లేదట.

ఇట్లు,
గాలికీ జవాబుదారీ అయిన
కొనుగోళ్ల అధికారి

తా.క. చిట్టీ, నిచ్చెన అర్జీ నా బల్ల మీదే ఉంది. దాని మీద నా టీ గ్లాసు పెట్టాను. గ్లాసు కింద ఉన్న కాగితం కదపకూడదని ఆఫీసులో అందరికీ తెలుసు. కానీ ఎన్నాళ్లని టీ తాగను? నీతో ఒకే గదిలో ఉంటాడు కదా, ఆ పెద్దమనిషి రోజంతా ఏం చేస్తుంటాడో ఉన్నదున్నట్టు రాయి.

◆

మామయ్యా,

ఈ ఉత్తరంలో నమస్కారం పెట్టే ఓపిక లేదు. సంచిలో రాళ్లు వేసుకుని బయల్దేరాను. షాక్ అణిగింది, నిజమే. రెండో మలుపులో ఆగాల్సి వచ్చింది. రాయి కనబడలేదు. సైకిలు ఒక పక్కకి, నేనొక పక్కకి, సంచి మూడో పక్కకి. పొదలో పడ్డాను కాబట్టి బతికాను. మోచెయ్యి చెక్కుకుపోయింది. పెద్ద దెబ్బేం కాదు, అమ్మకు చెప్పకు.

నేను ఏడవను. కానీ ఒకటి రాస్తాను, విను. చిన్నప్పటి నుంచీ నన్ను ముందు వరసలో నిలబెట్టారు, ఫోటోలో అడుగున కూర్చోబెట్టారు, పైనున్న ప్రతి వస్తువూ ఎవరో ఒకరు దించి ఇచ్చారు. పైదారి చివరికి వెళ్తే ఊళ్లో అందరి ఇళ్ల కప్పులూ నా కాళ్ల కింద ఉంటాయి. అక్కడ ఎవరూ నాకేమీ దించి ఇవ్వక్కర్లేదు. అందుకని అడుగుతున్నాను. ఫైళ్ల గదిలో పై అర కూడా నాకు అందదు మామయ్యా.

నిచ్చెన గారి సంగతి అడిగావు. ఆయన కూర్చుంటాడు. పొద్దున వచ్చి గదిలో ఉన్న ఒక్క కుర్చీలో కూర్చుంటాడు. కిందిదారి ఎలా ఉందో అటుగా వచ్చినవాళ్లని అడిగి రాసుకుంటాడు. కొత్త సైకిలుకి తొడిగిన కాగితం ఇంకా విప్పలేదు. మరి పైదారి ఎందుకండీ మీకు అంటే, "పైదారికి వెళ్లినవాణ్ణి మధ్యలో పిలవలేరు కదమ్మా" అన్నాడు. అక్కడా కూర్చోవడానికే.

ఇట్లు,
చిట్టి

తా.క. ఆయన్ను నిలబడి ఉండగా నేను చూసింది ఒక్క జీతాల రోజునే. అప్పుడు కూడా గోడకు ఆనుకునే ఉన్నాడు.

◆

పైదారి తనిఖీదారు గారికి,

తమ గత ఉత్తరంలో నమస్కారం లేకపోవడాన్ని తపాలాలో పోయినట్టుగా భావించి క్షమించాము.

ఈ అధికారి గత వారం ముందస్తు సమాచారం లేకుండా తమ తనిఖీ గదికి వచ్చి విచారణ జరిపాడు. ఆ సమయంలో తమరు కొండ మీద ఉన్నారు. నిచ్చెన గారు కుర్చీలో ఉన్నారు. మధ్యాహ్నం దాకా వేచి చూసినా అందులోనే ఉన్నారు. కాసేపటికి కునుకు తీశారు. అప్పుడు టేపు తీసి, నేల నుంచి నడినెత్తి దాకా కొలిచాము. మధ్యలో మెలకువ వచ్చి, "ఏంటి సార్, ఏం కొలుస్తున్నారు?" అన్నారు. "మీ సేవలండీ" అన్నాము. సంతోషించి మళ్లీ కళ్లు మూసుకున్నారు.

సైకిలు కూర్చుని నడిపే వాహనం. ఉద్యోగి కార్యాలయంలో ఏ స్థితిలో కనబడితే అదే అతని అధికారిక స్థితి. కాబట్టి గతంలో ఆయన ఎత్తును నిలబెట్టి లెక్కించడం పొరపాటని తేలింది. కూర్చున్న ఎత్తును తమ ఎత్తుతో కలిపి, సగం చేసి చూడగా, సగటు బాగా దిగింది. దుకాణంవారి పట్టికలో అది స్మాల్. విధానంలో ఒక్క అక్షరం మార్చలేదని గమనించగలరు.

మీడియం సైకిళ్లు రెండూ వెనక్కి పంపి, స్మాల్ రెండు తెప్పించాము. దుకాణంలో ఉండగానే, అంటే గాలి ఇంకా దుకాణంవారిదై ఉండగానే, మెకానిక్ చేత తమ బరువుకు తగినట్టు షాక్ సరిచేయించాము. ఎవరి గాలి వారే వదులుకున్నారు. మనకు సంబంధం లేదు.

పైదారికి అర్జీ పెట్టుకున్నందున నిచ్చెన గారిని ఈ ఉదయం తమ స్మాల్ సైకిలు ఎక్కి చూపించవలసిందిగా కోరాము. ఎక్కారు. పెడల్ తొక్కగానే మోకాలు గడ్డానికి తగిలింది. రెండో కాలుతో ప్రయత్నించగా రెండో మోకాలు కూడా అదే పని చేసింది. "సార్, ఇది మనుషులు ఎక్కేది కాదు" అన్నారు. "సగటు మనుషులు ఎక్కేదేనండీ" అన్నాము. అర్జీని వారే స్వయంగా ఉపసంహరించుకున్నారు. ఫైళ్ల గదిలో కుర్చీకి చేతులున్నాయని తెలిసి, అక్కడికి మార్చమని కొత్త అర్జీ ఇచ్చారు. మంజూరు చేశాము.

పైదారి తమదే. రేపటి నుంచి తెరవవలెను.

ఆ విచారణ నాడు తిరిగి వస్తుండగా, రాళ్ల సంచి వీపున వేసుకుని తమరు దిగుడులో రావడం, రాయి కోసం వెతుక్కోవడం దూరం నుంచి చూడటం జరిగింది. ఈ అధికారి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఆ దారిలో దుమ్ము ఎక్కువగా ఉన్నట్టు నమోదు చేసుకొనవలెను.

ఇట్లు,
ఎవరికీ ఏ మేలూ చేయని
కొనుగోళ్ల అధికారి

తా.క. చిట్టీ, రెండు పాదాలూ నేలకు ఆన్చి నిలబడి, ఆనాయని ఒక ముక్క రాయి, మీ అత్తయ్య ఎదురుచూస్తోంది. ఇక ఈ విషయమై మరెవరూ ఉత్తరాలు రాయకుండా కింది నిబంధన జారీ చేయడమైనది: నేటి నుంచి కార్యాలయ సిబ్బంది ఎత్తు అనగా వారు కూర్చున్నప్పటి ఎత్తు మాత్రమే. లేచి నిలబడటం వారి వారి సొంత వ్యవహారం. అందువల్ల కలిగే అదనపు పొడవుకు కార్యాలయం బాధ్యత వహించదు. ఇదే అంతిమం.