ప్రారంభోత్సవం కాని సిలిండరు

విశ్వవిద్యాలయ రిజిస్ట్రారుగారి సముఖమునకు, మహిళా వసతిగృహం పై అంతస్తులో ఉండి చదువుకొనుచున్న ఒక విద్యార్థిని తండ్రి, పిండిమర నడుపుకొని బతుకువాడు వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: ఆరోగ్య వారోత్సవాల ప్రదర్శనలో ఉంచిన ఆక్సిజన్ సిలిండరును ప్రారంభోత్సవం జరగకముందే తీసుకుపోయినదన్న కారణముపై వసతిగృహం నుండి తొలగింపబడిన విద్యార్థినిని తిరిగి చేర్చుకొనుట గురించి.

తొలగించిన పిల్ల నా కూతురు కాదు. నా కూతురి గదిలో ఉండే పిల్ల. గొంతు పెద్దది కావడం వల్ల తోటిపిల్లలు ఆమెను గంట అని పిలుస్తారు. సిలిండరు తెచ్చింది ఆ పిల్ల, వాడుకొన్నది నా కూతురు. శిక్ష తెచ్చినవారికి పడింది కాబట్టి వాడుకొన్నవారి తరఫున నేను వ్రాయవలసి వచ్చింది. గంట తల్లి లాండ్రీలో ఇస్త్రీ పని చేస్తుంది. ఆమెకు సెలవు దొరకలేదు. దొరికినా మీ కార్యాలయంలో ఏ బల్ల ముందు నిలబడాలో ఆమెకు తెలియదు. నాకూ తెలియదు గానీ నేను అడుగుతాను.

తమ పరిశీలనార్థం ఈ క్రింది సంగతులు మనవి చేసుకొనుచున్నాను.

1. వారోత్సవాలకు అతిథులు వస్తారని వసతిగృహాన్ని శుభ్రపరచవలసినదిగా ఉత్తర్వు వెలువడినది. ఉత్తర్వు మంచిదే. ఆ ప్రకారం పాత పరుపులన్నీ వరండాలోకి లాగి, గదుల తలుపులు తీసి ఉండగానే కర్రలతో దులిపించారు. నా కూతురికి చిన్నప్పటి నుంచి ఉబ్బసం. పిండిమర పక్కన పెరిగిన పిల్లకు అది రావడంలో వింత ఏమీ లేదు. దుమ్ము లేనిచోట చదువుకుంటుందని మీ దగ్గర చేర్చాను. చేర్చిన రోజునే ఈ సంగతి వార్డెన్‌గారికి చెప్పాను. "మా దగ్గర అన్ని సౌకర్యాలూ ఉన్నాయండీ, మీరు నిశ్చింతగా వెళ్ళండి" అన్నారు. సౌకర్యాలు ఉన్నమాట నిజమే. అవి ఎక్కడ ఉన్నాయన్నదే ఈ అర్జీ.

2. పరుపులు దులుపుతుండగా నా కూతురికి ఆయాసం వచ్చింది. పీల్చే మందు పీల్చింది, తగ్గలేదు. మంచం పట్టె పట్టుకొని కూర్చుండిపోయింది. గంట ఆరోగ్య కేంద్రానికి పరుగెత్తింది. తలుపుకు తాళం వేసి ఉంది. తాళం మీద కాగితం అంటించి ఉంది: "ఆరోగ్య వారోత్సవాల సందర్భముగా ఆరోగ్య కేంద్రము మూసివేయడమైనది." ఈ వాక్యం వ్రాసినవారు, సంతకం చేసినవారు, ముద్ర వేసినవారు, జిగురు పూసి అంటించినవారు ఒక్కరేనో నలుగురో నాకు తెలియదు. నలుగురైతే, నలుగురిలో ఒక్కరికీ నవ్వు రాలేదన్నమాట.

3. పిల్లలందరి చేతా ఫోన్లలో వ్రాయించిన సహాయవాణి నంబరు ఒకటి ఉంది. గంట దానికి ఫోను చేసింది. మోగింది, ఎవరూ ఎత్తలేదు. తరువాత తెలిసినదేమంటే, ఆ ఫోనును కూడా సభామందిరంలో ప్రదర్శనకు పెట్టారు. నీలం గుడ్డ పరచిన బల్ల మీద, ముందు చిన్న అట్ట, దాని మీద "నిరంతర సహాయవాణి". ముఖ్య అతిథి వచ్చేలోగా వేదిక మీద ఎవరో ఒత్తిడిని జయించడం ఎలాగో చెబుతున్నారట. ప్రసంగానికి అడ్డుగా మోగుతోందని ఒక ఉద్యోగి దానిని బల్ల సొరుగులో పెట్టి మూశాడు.

4. అంబులెన్సు కూడా అక్కడే, మందిరం వాకిట్లో ఉంది. లోపల చూడడానికి వీలుగా వెనుక తలుపులు తెరిచి, ఎవరూ ముట్టుకోకుండా చుట్టూ తాడు కట్టి, దాని ముందు కుర్చీలు వేశారు. కుర్చీలలో మనుషులు కూర్చున్నారు. ఇంతకన్నా వ్రాయను.

5. ఇక సిలిండరు. అది వేదిక పక్కన చక్రాల బండి మీద ఉంది. మెడకు ఎర్ర రిబ్బను, రిబ్బను రెండో కొస పక్కనున్న స్తంభానికి. ముఖ్య అతిథి వచ్చి దానిని కత్తిరిస్తే వారోత్సవాలు మొదలైనట్టు. ముఖ్య అతిథి ఇంకా రాలేదు. గంట వెళ్ళి, మా గదిలో అమ్మాయికి ఊపిరి ఆడడం లేదు, సిలిండరు కావాలని చెప్పింది. ఆమె గొంతు సంగతి ముందే మనవి చేశాను. మందిరమంతా వినబడి ఉంటుంది. ఏర్పాట్లు చూస్తున్న అధికారి ఆమెను పక్కకు పిలిచి మెల్లగా సమాధానం చెప్పారు.

"చూడమ్మా, రిబ్బను కట్ చేయకుండా అది ఎలా తీస్తాం? సార్ దారిలో ఉన్నారు. కట్ అవ్వగానే ముందు నీకే ఇస్తాను."

మా ఊళ్ళో పశువులు తొక్కేసిన మనిషిని చూసి తప్పుకొన్నవాళ్ళను చూశాను, తాగి కాలువలో పడినవాణ్ణి చూసి దాటిపోయినవాళ్ళను చూశాను. వాళ్ళలో ఎవరూ "ముందు నీకే ఇస్తాను" అనలేదు.

6. అప్పుడు అక్కడ నిలబడినవారిలో ఒకరు పళ్ళెంలోని కత్తెర తీసి గంట చేతిలో పెట్టారు. ఆ పిల్ల రిబ్బను కత్తిరించి బండిని తోసుకుంటూ బయటికి వచ్చింది. వంటశాలకు కూరగాయలు తెచ్చిన వ్యాను ఖాళీ అవుతోంది. డ్రైవరు ఏమీ అడగలేదు. బస్తాలు పక్కకు నెట్టి సిలిండరు ఎక్కించి, వసతిగృహం దగ్గర ఆపి, నా కూతురిని మోసుకొచ్చి పడుకోబెట్టాడు. పట్నం ఆసుపత్రికి చేరేదాకా ముఖం మీద మాస్కు పట్టుకొని గంట కూర్చుంది. ఇంకాస్త ఆలస్యమైతే వేరే విధంగా ఉండేదని అక్కడి డాక్టరు నాతో అన్నారు. వేరే విధం అంటే ఏమిటో నేను అడగలేదు.

7. తదుపరి విచారణ సంఘం ఏర్పాటు చేశారు. పరుపులు దులిపించినవారి మీద, తాళం వేసినవారి మీద, ఫోను సొరుగులో పెట్టినవారి మీద కాదు. గంట మీద. సంఘంలో ముగ్గురు పెద్దలు కూర్చున్నారు. నన్ను గది బయట ఉండమన్నారు గానీ తలుపు సరిగా పడదు, అంతా వినబడింది.

"వస్తువు తిరిగి యథాస్థానంలో పెట్టావా?"

"పెట్టాను సార్. ఖాళీ అయ్యాక."

దీనిని పొగరు కింద వ్రాసుకొన్నారు. నిజానికి అది లెక్క అప్పజెప్పడం. తరువాత అసలు ప్రశ్న వేశారు. కత్తెర ఎవరిచ్చారు?

"చూడలేదు సార్. నేను సిలిండరు వంక చూస్తున్నాను."

పేరు చెబితే హెచ్చరికతో వదిలేస్తామన్నారు. మళ్ళీ మళ్ళీ అడిగారు. ఆ పిల్ల అదే మాట చెప్పింది. బయటికి వచ్చాక నా పక్కన బెంచీ మీద కూర్చొని, "పేరు చెబితే ఆ మనిషి ఉద్యోగం పోతుంది బాబాయ్. నాకు పోయేది మంచమే కదా" అంది. ఆ సాయంత్రమే మంచం పోయింది. నన్ను అడిగినా ఆ పేరు చెప్పనని ఇందుమూలముగా తెలియజేసుకొనుచున్నాను.

8. గంటను పంపేసిన తరువాత నా కూతురి క్షేమం దృష్ట్యా ప్రత్యేక శ్రద్ధ తీసుకొన్నామని వార్డెన్‌గారు నాకు కబురు చేశారు. ఆ శ్రద్ధ ఏమిటో చూడడానికి వెళ్ళాను. వరండా చివర, సామాన్ల గది అవతల, ఒంటరి గది ఇచ్చారు. నిశ్శబ్దంగా ఉంటుందట. అక్కడ మనిషి దగ్గితే సామాన్లకు వినబడుతుంది. ఇంతకాలం నా కూతురికి ఆయాసం మొదలైతే, ఆమె లేచి చెప్పకముందే పక్క మంచం మీద పిల్ల లేచేది. మీ విశ్వవిద్యాలయంలో ఆరోగ్య సేవ అంటూ ఒకటి ఉంటే అది పక్క మంచం. దానిని మీరు తొలగించారు.

9. గంట ఇప్పుడు తల్లితోపాటు లాండ్రీ వెనుక గదిలో ఉంటూ బస్సులు మారి తరగతులకు వస్తోంది. పరీక్షలు దగ్గరికి వచ్చాయి. క్షమాపణ పత్రం ఇస్తే ఆలోచిస్తామని మీ కార్యాలయం చెబుతున్నది. ఆ పిల్ల ఇవ్వడానికి సిద్ధంగానే ఉంది. వద్దని నేనే ఆపాను. నా కూతురు బతికినందుకు ఎవరైనా క్షమాపణ చెప్పుకోవలసి ఉంటే అది ఆమెను కన్నవాడిగా నేను చెప్పుకోవాలి. నేను చెప్పను.

కావున తొలగింపు ఉత్తర్వు రద్దుచేసి, గంటకు ఆమె మంచం, నా కూతురికి ఆమె పాత గది ఇప్పించవలసినదిగా కోరుచున్నాను. సిలిండరు గురించి ఏమీ కోరడం లేదు. మీరు దానిని చూసుకోగలరు, చూస్తూనే ఉన్నారు.

చదివేవారుంటే ఇది చిత్తగించవలెను.

ఈ కాగితం మేరకు,
తమ విధేయుడు,
పిండిమర నడుపువాడు

తా.క. పైదంతా మీ గుమాస్తాగారు చెప్పిన పద్ధతిలో వ్రాశాను. ఇది నా మాట. అర్జీ ఇచ్చి వెళ్ళిపొమ్మన్నారు. వెళ్ళలేదు. మీ గది బయట బెంచీ మీద ఉన్నాను. సిలిండరు ఇప్పుడు నా ఎదురుగానే, మీ వరండాలో అద్దాల బీరువాలో ఉంది. కొత్త రిబ్బను కట్టారు. తాళంచెవి ఎవరి దగ్గరుందని మీ అటెండరును అడిగితే, అది ఉన్న మనిషి సెలవులో ఉన్నాడన్నారు. మర మూసి వచ్చాను, మీరు సంతకం పెట్టేదాకా తెరవను. నూక పట్టించుకోవాల్సినవాళ్ళు ఊళ్ళో నన్ను తిడుతూ ఉంటారు, తిట్టనివ్వండి. లోపలికి దగ్గు వినబడితే అది నాది. పిండి దుమ్ము. కంగారుపడి దానికొక వారోత్సవం పెట్టకండి.