పసుపు తిరిగిన ప్లేటు

బాబాయ్ గారి దివ్యసముఖానికి, ఖమ్మం కాలేజీ ల్యాబు నుంచి మీ అన్నకొడుకు విసుగుతో చేసే నమస్కారాలు.

మొన్న మీరు ల్యాబుకొచ్చి, మీ షుగర్ కషాయం తాగిన ఎలుకల రక్తం పోసిన ప్లేటు పసుపుపచ్చగా మారగానే శుభమని దానికి దండం పెట్టారు. నేను నోరు తెరిచేలోపే అశ్వారావుపేట బస్సెక్కారు. ఇన్సులిన్ కొలిచే ఈ కిట్టులో ఎలుక ఇన్సులిన్, మేం కలిపే ఇన్సులిన్ ఒకే సీటు కోసం కొట్టుకుంటాయి. రంగు తెచ్చేది మాది. ఎలుకది ఎంత తక్కువుంటే పసుపు అంత చిక్కన. అంటే మీ కషాయం ఇన్సులిన్ ఏమీ పెంచలేదు.

మీరు ఊళ్లో ఫ్లెక్సీ కట్టించారట, నా ఫొటో పక్కన ఎలుక ఫొటోతో. దాన్నీ ఓర్చుకున్నాను. కానీ నిన్న ఫోన్లో సుబ్బరత్నం పిన్ని ఏమన్నదో తెలుసా? "అవ్ బిడ్డా, షుగర్ గోలీలు బందు పెట్టిన. మీ బాబాయ్ పసుపు కండ్లార చూసొచ్చిండు, ఇంక గోలీలేంది?"

వేసుకోమని బతిమాలితే నవ్వింది. మీరు చెప్తే మానింది, మీరు చెప్తేనే వేసుకుంటుంది. మీరేమో నా ఫోనెత్తరు. అందుకే ఈ ఉత్తరం మా ల్యాబు స్నేహితుడు వాసు చేతికిచ్చి పంపుతున్నాను. అతని ముందే పిన్ని చేత గోలీ మింగించండి.

ఎలుకలు పోతే కాలేజీవాళ్లు ఇంకో పెట్టె తెప్పిస్తారు. పిన్ని మనకు ఒక్కతే.